హ్యారీ పాటర్ చివరి సినిమాకి అభిమానులు అంతగా ఎందుకు ఏడ్చారు?

కథ తెలియక కాదు. 2007లోనే చివరి పుస్తకం చదివేశారు. 2011 జూలైలో ‘డెత్లీ హాలోస్’ రెండో భాగం వచ్చేసరికి, 2001లో పదకొండేళ్ల వయసులో మొదటి సినిమా చూసిన పిల్లలకి ఇరవై దాటాయి. హ్యారీ, రాన్, హెర్మయొనీ వాళ్లతో పాటే పెరిగారు. అందుకే ఆ వీడ్కోలు సొంత బాల్యానికి చెప్పినట్టయింది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రీమియర్ కోసం వానలో తడుస్తూ రాత్రుళ్లు అక్కడే పడుకున్నారు.

నన్నడిగితే గుండె పిండేసేది హ్యారీ బళ్లో మాస్టారు స్నేప్ జ్ఞాపకాల ఘట్టం. ఇన్నేళ్లూ మనం తిట్టుకున్న మనిషి, హ్యారీ తల్లి లిలీ శవాన్ని ఒళ్లోకి తీసుకుని వెక్కివెక్కి ఏడుస్తాడు. అప్పటిదాకా ఆపుకున్నవాళ్లు కూడా అక్కడ ఆగలేరు.

ఆఖర్న, పందొమ్మిదేళ్ల తర్వాత, కింగ్స్ క్రాస్ స్టేషన్లో హ్యారీ తన కొడుకుని, తను చదివిన మంత్రవిద్యల బడి హాగ్వార్ట్స్‌కి వెళ్లే రైలెక్కిస్తాడు. రైలు వెళ్లిపోతుంది. మనం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతాం.