ప్రజాధనంతో నడిచే పరిశోధనా కేంద్రాల దీర్ఘకాలిక ఫలితాన్ని ఎలా కొలుస్తారు?

పరిశోధనా పత్రాలను లెక్కపెట్టడం తేలికే కానీ, అసలు ఫలితం చాలాసార్లు దశాబ్దాల తరవాత, మొదట ఊహించని రూపంలో బయటపడుతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌నే చూడండి: పశ్చిమ ఆఫ్రికా దేశమైన టోగో ఉత్తర ప్రాంతం నుంచి వచ్చిన లావు గింజల నాటు సజ్జ నుంచి అక్కడ ఎంపిక చేసిన ఐసీటీపీ 8203 రకం 1988లో విడుదలైంది, దానిలోంచే ఇనుము ఎక్కువగా ఉండే మొక్కలను ఏరి రూపొందించిన ‘ధనశక్తి’ 2012లో మహారాష్ట్ర రైతులకు అందింది. 1990లోనే లెక్క ముగించి ఉంటే ఈ మేలు ఏ పట్టికకూ ఎక్కేది కాదు. అందుకే ఒక్కో విత్తన నమూనా ఎవరి చేతికి వెళ్లిందో, ఏ రకానికి మూలమైందో వంశవృక్షంలా నమోదు చేస్తూ, ఆ కేంద్రమే లేకుంటే ఏం జరిగేదో కూడా అంచనా వేయాలి. నా దృష్టిలో ఈ రెండోదే కష్టం, ఎందుకంటే మంచి వానలు, ఎరువులు తెచ్చిన దిగుబడిని కూడా విత్తనం ఖాతాలోనే వేసేసే ప్రమాదం ఉంది.