గ్రిగ్రిలో తాడు త్వరగా ఇవ్వడానికి క్యామ్ నొక్కి పట్టుకోవచ్చా?

గ్రిగ్రి అంటే క్లైంబింగ్‌లో కింద నిలబడినవాళ్లు పైకి ఎక్కేవాళ్ల తాడుని పట్టుకోవడానికి, పడితే ఆపడానికి వాడే డివైస్. మీరు రెండు అడిగారు. పైన ఎక్కేవాళ్లు క్లిప్ చేసేటప్పుడు (అంటే తాడుని గోడ మీది కొక్కెంలో తగిలించేటప్పుడు) గ్రిగ్రి ఊరికే లాక్ అయిపోతోంది కాబట్టి క్యామ్‌ని బొటనవేలితో నొక్కి ఉంచొచ్చా అని, ఎలాగూ దానంతటదే ఆపుతుంది కదా బ్రేక్ చెయ్యి (డివైస్‌లోంచి కిందికి వచ్చే తాడుని పట్టుకునే చెయ్యి) కాస్త వదిలినా పర్లేదా అని. రెండోదానికి ముందే చెప్పేస్తా, వదలొద్దు. లోపలున్న క్యామ్ తాడు జర్రున లాగితే తిరిగి తాడుని నొక్కేస్తుంది, కారు సీట్ బెల్ట్‌లాగే అనుకోండి, కానీ అది తిరగాలంటే కింద చేతిలో కొంచెమైనా పట్టు ఉండాలి, తాడు సన్నగా కొత్తగా జారుడుగా ఉన్నా, లేదా మెల్లగా లాగుడు మొదలైనా, అది పట్టకుండా జారిపోవచ్చు.

ఇక బొటనవేలు. నొక్కొచ్చు, కానీ ఆ ఒక్క క్షణమే. బ్రేక్ చేతి మూడు వేళ్లు తాడు మీదే ఉంటాయి, చూపుడువేలు పక్కన ప్లేటు అంచు కిందకి వెళ్తుంది, బొటనవేలు క్యామ్ మీద, ఎడమ చెయ్యి తాడు లాగుతుంది, లాగడం అయిపోగానే బొటనవేలు తీసేయాలి. అరచేత్తో డివైస్ మొత్తాన్ని పట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి జిమ్‌లో నా పక్క లైన్‌లో ఒకతను అలాగే పట్టుకుని ఉన్నాడు, పైనమ్మాయి క్లిప్ చేయబోతూ జారింది, భయపడితే మనం ఏం చేస్తాం, చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాం, అతనూ అదే చేశాడు, క్యామ్ నొక్కుకుపోయి తాడు గరగరా పరిగెత్తింది. మ్యాట్‌కి మోకాలెత్తులో ఉండగా చెయ్యి వదిలాడు, అప్పుడు లాక్ అయింది!

నిజానికి బొటనవేలు అవసరం చాలా తక్కువ. నేను డివైస్‌ని కాదు, పైనవాళ్ల చేతిని చూస్తుంటా. ఒక చెయ్యి హోల్డ్ వదిలి నడుం దగ్గర తాడు వైపు వస్తోందంటే క్లిప్ చేయబోతున్నారన్నమాట, అప్పుడే ఒక అడుగు గోడ వైపు వేస్తా, బ్రేక్ చేత్తో తాడుని డివైస్‌లోకి తోస్తూ ఎడమ చేత్తో లాగుతా, అంతే, చాలాసార్లు లాక్ అవదు. క్లిప్ కాగానే వెనక్కి అడుగు. ఊరికే లాక్ అవుతోందంటే సగంసార్లు లేటుగా జర్రున లాగడం వల్లే, లేదా తాడు లావుగా బొచ్చు లేచి ఉండటం వల్ల (2019 మోడల్‌కి 8.5 నుంచి 11 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది, 11 పాత తాడుతో మాత్రం కుస్తీయే).

పైనవాళ్లని దించేటప్పుడు ఇంకో తప్పు చేస్తారు, స్పీడ్‌ని హ్యాండిల్‌తో కంట్రోల్ చేద్దామని చూస్తారు. కాదండి, హ్యాండిల్ తెరుస్తుంది అంతే, స్పీడ్ బ్రేక్ చేతిది. భయమేసి హ్యాండిల్ పూర్తిగా లాగేస్తే డివైస్ ఇక తాడుని ఆపదు. గ్రిగ్రి ప్లస్‌లో దానికోసమే యాంటీ ప్యానిక్ ఉంది, గట్టిగా లాగితే ఆగిపోతుంది, మామూలు దాంట్లో లేదు.

తాడు తిరగేసి పెట్టారేమో ప్రతిసారీ చూసుకోండి, క్లైంబర్ వైపు తాడుని ఒక్క కుదుపు లాగితే పట్టాలి. తాడు చివర ముడి కూడా. కొత్త అలవాటు వచ్చేదాకా టాప్ రోప్‌లో (తాడు ముందే పైనుంచి వేసి ఉండేది), వెనక ఇంకొకరు బ్రేక్ తాడు పట్టుకుని ఉండగా ప్రాక్టీస్ చేయండి, లీడ్ (తాడుని కిందనుంచి తగిలించుకుంటూ ఎక్కేది) తర్వాత.