నాలుగు కర్మాగారాలను ఒకే త్రాసులో తూచే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపినవన్నీ రెండుసార్లు చదివాను. మీ కంపెనీకి విడిభాగాలు సరఫరా చేసే నాలుగు కర్మాగారాల సైబర్ భద్రతను పోల్చి, ఎవరిని ఎంతవరకు నమ్మవచ్చో మూడు వారాల్లో చెప్పమన్నారు. నలుగురికీ ఒకే 120 ప్రశ్నల పత్రం పంపావు. జవాబులు వచ్చాయి, మార్కులు వేశావు. ఎలక్ట్రానిక్స్ బోర్డులవాళ్లు 91తో మొదట, ఫౌండ్రీవాళ్లు 64తో చివర నిలిచారు. అన్నీ అయ్యాక "ఈ వరుస నిజమేనా మామయ్యా?" అని ఒక్క వాక్యం రాశావు. మిగిలిన పేజీలన్నిటికంటే నాకు ఆ వాక్యమే నచ్చింది.

నేను 34 ఏళ్లు కర్మాగారాల్లో కొలత, నియంత్రణ పరికరాలు చూసే ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేశాను. కర్మాగారం ఎలా ఆగిపోతుందో, ఆగినదాన్ని మళ్లీ నడిపించడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. ఇలాంటి ప్రశ్నపత్రాలకు జవాబులు రాసేది సాధారణంగా హెడ్డాఫీసులోని ఐటీ విభాగం. యంత్రాలను నడిపేది షాప్‌ఫ్లోర్‌లో ఉన్నవాళ్లు. ఒకరి గదిలో ఇంకొకరు ఏళ్ల తరబడి అడుగు పెట్టని కంపెనీలు ఉన్నాయి. అలాంటి చోట నువ్వు వేసిన 91 మార్కులు హెడ్డాఫీసుకు వచ్చినట్టు. కర్మాగారానికి ఎన్ని వస్తాయో ఇంకా ఎవరూ అడగలేదు.

అందుకని నా మాట ఇది. సైబర్ దొంగలను ఆపే గోడ ఎవరిది ఎంత ఎత్తుందో తర్వాత చూడు. రాత్రి రెండు గంటలకు కంట్రోల్ రూమ్ తెరలన్నీ ఒక్కసారి నల్లబడితే, ఏ కర్మాగారం ఎన్నాళ్లకు మళ్లీ నీకు సరుకు పంపగలదు? ఆ మాటకు వాళ్ల దగ్గరున్న ఋజువు ఏమిటి? పోలికనంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ కట్టు.

నార్వేలోని అల్యూమినియం సంస్థ నోర్స్క్ హైడ్రో గురించి వినే ఉంటావు. 2019 మార్చి 19న లాకర్‌గోగా అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, ఆ సంస్థను ముంచేసింది. 40 దేశాలు, 35,000 మంది ఉద్యోగులు. దొంగలు మూడు నెలల ముందే, నమ్మకమైన ఒక ఖాతాదారు నుంచి వచ్చినట్టున్న ఈమెయిల్ ద్వారా లోపలికి వచ్చి కూర్చున్నారు. అంటే గోడ కూలింది, కూలిన సంగతి మూడు నెలలు ఎవరికీ తెలియలేదు. గోడలకు మార్కులు వేస్తే హైడ్రోకు తక్కువే పడాలి. కానీ తర్వాత వాళ్లు చేసింది చూడు. డబ్బు కట్టబోమని తేల్చి చెప్పారు. బ్యాకప్‌ల నుంచి వ్యవస్థను తిరిగి కట్టుకున్నారు. అల్యూమినియం కరిగించే ప్లాంట్లను చేతి నియంత్రణతో నడిపించారు. కొన్ని చోట్ల కాగితం మీద ఆర్డర్లు నడిచిన రోజులు ఎరిగిన, పదవీ విరమణ చేసిన పాత ఉద్యోగులు తమంతట తాము వచ్చి నిలబడ్డారు. ఏం జరిగిందో రోజూ బయటి ప్రపంచానికి చెప్పారు. నష్టం చిన్నదేమీ కాదు, మొదటి ఆరు నెలలకే 55 నుంచి 65 కోట్ల నార్వే క్రోన్లని అంచనా వేశారు. అయినా సంస్థ నిలబడింది. యంత్రాన్ని చేత్తో నడపగలిగినవాళ్లు ఇంకా మిగిలి ఉండటం కూడా భద్రతే. నీ 120 ప్రశ్నల్లో దాని గురించి ఒక్కటీ లేదు.

మీ పనికి ఇంకా దగ్గరిది టయోటా అనుభవం. 2022 మార్చి 1న జపాన్‌లో టయోటా తన 14 కర్మాగారాల్లో 28 లైన్లను ఆపేసింది. దాడి జరిగింది టయోటా మీద కాదు, ప్లాస్టిక్ భాగాలు సరఫరా చేసే కొజిమా మీద. దొంగలు కొజిమాలోకి కూడా నేరుగా రాలేదు. దాని అనుబంధ సంస్థ ఒకటి బయటి కంపెనీతో మాట్లాడటానికి పెట్టుకున్న రిమోట్ కనెక్షన్ పరికరం గుండా వచ్చారు. కాబట్టి నీ నలుగురినీ అడగవలసింది "మీ భద్రత ఎలా ఉంది" అని మాత్రమే కాదు. మీ అనుబంధ సంస్థలు, యంత్రాలు అమ్మినవాళ్లు, మెయింటెనెన్స్ కాంట్రాక్టర్లు బయటి నుంచి లోపలికి ఎన్ని దారుల్లో వస్తారు, ఆ దారులన్నిటి జాబితా ఒక్క కాగితం మీద ఉందా అని అడుగు. యంత్రం అమ్మిన కంపెనీ రిపేరు కోసం ప్యానెల్‌లో ఒక చిన్న మోడెమ్ పెట్టి వెళ్లిపోతుంది. అది అక్కడ ఉందని ఐటీ విభాగానికి తెలియదు. నిరంతరం తెరిచి ఉండే దారి వేరు, అవసరమైనప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి అనుమతితో తెరిచి, పని అవగానే మూసే దారి వేరు. ఆ తేడాకు నీ పట్టికలో పెద్ద విలువ ఇవ్వు.

బ్యాకప్ విషయంలో నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక ప్లాంట్‌లో వర్షాకాలం రాత్రి కరెంటు పోయింది. యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటరైన పీఎల్‌సీ ఒకదానిలో బ్యాటరీ అప్పటికే అయిపోయి ఉంది. కరెంటు వచ్చేసరికి అందులోని ప్రోగ్రామ్ చెరిగిపోయింది. ఆ ప్రోగ్రామ్‌లు రాసే కంప్యూటర్‌లో, అంటే ఇంజినీరింగ్ స్టేషన్‌లో, కాపీ ఉందిలే అనుకున్నాం. తెరిచి చూస్తే అది రెండేళ్ల కిందటిది. ఆ రెండేళ్లలో మేము చేసిన మార్పుల్లో సగం లాగ్‌బుక్‌లో ఉన్నాయి, మిగతా సగం ఒక సీనియర్ టెక్నీషియన్‌కు గుర్తున్నాయి. ఆయన సెలవులో ఊరికి వెళ్లారు. నాలుగు రోజులు లైను ఆగింది. ఏ దొంగా రాలేదు, ఏ వైరసూ లేదు. ముందు రోజు ఎవరైనా వచ్చి "బ్యాకప్ ఉందా?" అని అడిగి ఉంటే మేమందరం నిజాయితీగా "ఉంది" అనే చెప్పేవాళ్లం.

అందుకే "బ్యాకప్ ఉందా" అనే ప్రశ్న కొట్టేయి. "చివరిసారి ఎప్పుడు దాన్ని ఖాళీ కంట్రోలర్‌లోకి ఎక్కించి నడిపి చూశారు, ఎన్ని గంటలు పట్టింది, ఆ రోజు రాసుకున్న కాగితం చూపిస్తారా" అని అడుగు. ఆఫీసు సర్వర్ల బ్యాకప్ చూపించి ఊరుకోనివ్వకు. పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లు, ఆపరేటర్లు చూసే హెచ్‌ఎంఐ తెరలు, మోటార్లను నడిపే డ్రైవ్‌ల సెట్టింగులు, ఒక్కో సరుకుకు కావలసిన కొలతల రెసిపీలు అన్నీ అందులో ఉన్నాయా, నెట్‌వర్క్‌కు అందని చోట ఒక ప్రతి ఉందా అని చూడు. నలుగురిలో ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులే నీ వరుసను సగం మార్చేస్తాయని నా నమ్మకం.

ఇక త్రాసు సంగతి. నీ నలుగురిలో ఒకరిది లోహాన్ని కరిగించి పోతపోసే ఫౌండ్రీ, ఒకరిది ప్లాస్టిక్ మోల్డింగ్, ఒకరిది రసాయనాల ప్లాంట్, ఇంకొకరిది ఎలక్ట్రానిక్స్ బోర్డులు. మోల్డింగ్ యంత్రం ఆగితే ఆ రోజు సరుకు పోతుంది. ఫౌండ్రీలో ఆగితే కరిగిన లోహం కొలిమిలోనే గడ్డకడుతుంది. జర్మనీ సమాచార భద్రతా సంస్థ బీఎస్‌ఐ 2014 నివేదికలో, పేరు చెప్పని ఒక ఉక్కు కర్మాగారం గురించి రాసింది. దాడిచేసినవాళ్లు ఈమెయిల్‌తో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి, అక్కడి నుంచి ఉత్పత్తి నెట్‌వర్క్‌లోకి వెళ్లారు. చివరకు ఇనుము కరిగించే పెద్ద కొలిమిని, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌ను, పద్ధతి ప్రకారం ఆపలేక భారీ నష్టం జరిగింది. ఆఫీసుకూ ఉత్పత్తికీ మధ్య గోడ లేకపోవడం మోల్డింగ్‌వాళ్లకూ తప్పే, ఫౌండ్రీవాళ్లకూ తప్పే. కానీ ఆ తప్పు వెల ఇద్దరికీ ఒకటి కాదు.

రసాయనాల ప్లాంట్‌కు వెళ్లినప్పుడు సేఫ్టీ వ్యవస్థ గురించి విడిగా అడుగు. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ట్రైటన్ అనే హానికర ప్రోగ్రామ్ (మాల్‌వేర్) ఏకంగా ప్రమాదాన్ని ఆపవలసిన ట్రైకోనెక్స్ కంట్రోలర్లలోకే దూరింది. ఆ కంట్రోలర్ ముందు భాగంలో ఒక తాళంచెవి ఉంటుంది. మామూలు రోజుల్లో అది ప్రోగ్రామ్ మార్చనివ్వని రన్ స్థానంలో ఉండాలి. అక్కడ ప్రోగ్రామ్ స్థానంలో వదిలేశారు. ప్లాంట్ దానంతటదే ఆగిపోవడంతో సంగతి బయటపడింది, లేకపోతే ప్రాణాలు పోయే ప్రమాదం ఉండేది. ఈ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అలా వదిలేసిన తాళంచెవులను నేను చూశాను. నువ్వు కంట్రోల్ ప్యానెళ్ల గదిలోకి వెళ్లినప్పుడు ఆ చెవులు ఏ స్థానంలో ఉన్నాయో నీ కళ్లతో చూసి రాసుకో. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేదు.

ఎలక్ట్రానిక్స్‌వాళ్లకు 91 వేశావు కదా, వాళ్లను కొత్త యంత్రం గురించి అడుగు. 2018 ఆగస్టులో చిప్‌లు తయారుచేసే తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ అంతటి సంస్థలో, కొత్తగా వచ్చిన పరికరాన్ని వైరస్ తనిఖీ చేయకుండా నెట్‌వర్క్‌కు కలపడం వల్ల వానాక్రై రకం వైరస్ వ్యాపించి ఉత్పత్తి ఆగింది. కొత్త యంత్రం లోపలికి వచ్చిన రోజున దాన్ని ఎవరు పరీక్షిస్తారు, ఎవరి సంతకం లేకుండా కేబుల్ పెట్టకూడదు అన్నది రాతపూర్వకంగా ఉందా? ఆ వానాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్, అంటే లోపాన్ని సరిదిద్దే మార్పు, ఇచ్చింది. అయినా ప్యాచ్ ఎన్ని రోజుల్లో వేశారని అందరికీ ఒకే కొలత పెట్టవద్దు. నిరంతరం నడిచే ప్లాంట్‌లో ఏడాదికోసారి వచ్చే షట్‌డౌన్‌లో తప్ప ముట్టుకోలేని యంత్రాలు ఉంటాయి. అలాంటి వాటిని ఈలోగా ఎలా విడిగా ఉంచారో అడుగు. దానికి సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లు, ప్యాచ్ వేశామని టిక్కు పెట్టినవాళ్లకంటే నాకు ఎక్కువ నమ్మకస్తులు.

ధ్రువపత్రాల గురించి ఎక్కువ రాయను. సమాచార భద్రతకు ఇచ్చే ఐఎస్‌ఓ 27001 పత్రం చూపిస్తే దాని పరిధి వాక్యం చదువు. హెడ్డాఫీసు ఐటీ సేవలకు మాత్రమే అని ఉంటే కర్మాగారానికి అది వర్తించదు. కర్మాగారాల నియంత్రణ వ్యవస్థల భద్రత కోసం రాసిన ఐఈసీ 62443 అంటే మన రంగానికి సరైన ప్రమాణమే. కానీ అందులో 1 నుంచి 4 వరకు ఉన్న భద్రతా స్థాయిలు జోన్ జోన్‌కు, అంటే ఒకే రకం రక్షణ కావలసిన ఒక్కో యంత్రాల సమూహానికి, వేరుగా నిర్ణయించుకునేవి. "మా కంపెనీది స్థాయి 2" అని ఎవరైనా చెబితే ఏ జోన్‌కు, లక్ష్యం ఎంత, ఇప్పుడు చేరింది ఎంత అని అడుగు. ఇంటర్నెట్ నుంచి చూసి రేటింగు ఇచ్చే సంస్థల అంకెలు కూడా పక్కన పెట్టుకో, పారేయకు. వాళ్లకు వీధి గేటు కనిపిస్తుంది, లోపలి కొలిమి కనిపించదు.

ఒక విషయంలో మాత్రం నీతో గట్టిగా విభేదిస్తున్నాను. గతంలో దాడి జరిగిందని ఒప్పుకున్న రసాయనాలవాళ్లకు పది మార్కులు తగ్గించావు. అది అన్యాయం. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2020 అక్టోబర్ 22న దాడిని గుర్తించి, డేటా సెంటర్ల సేవలన్నిటినీ విడదీశామని అదే రోజు స్టాక్ ఎక్స్ఛేంజీలకు చెప్పింది. 2023 మేలో మందుల సంస్థ గ్రాన్యూల్స్ కూడా దాడి జరిగిందని ప్రకటించి, దాని దెబ్బ ఆదాయం మీద పడిందనీ తర్వాత చెప్పింది. చెప్పినవాళ్లకు శిక్ష, నోరు విప్పనివాళ్లకు బహుమతి ఇస్తే వచ్చే ఏడాది నీకు ఒక్క నిజమైన జవాబూ రాదు. "మా దగ్గర ఎప్పుడూ ఏమీ జరగలేదు" అన్నవాళ్లను, జరిగితే మీకెలా తెలుస్తుంది అని అడుగు. సైబర్ దాడుల సంగతి చూసే మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదైన రికార్డులు, 180 రోజులు దాచాలి, సంఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. ఆ ఆరు గంటల్లో ఎవరు ఎవరికి ఫోను చేస్తారో రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లకు తెలుసా అని చూడు.

పై అధికారులు ఇంత సమయం దేనికని అడిగితే జాగ్వార్ ల్యాండ్ రోవర్ గురించి చెప్పు. టాటాల చేతిలో ఉన్న ఆ కార్ల సంస్థ 2025 సెప్టెంబర్‌లో దాడి వల్ల ఐదు వారాల పాటు ఉత్పత్తి ఆపవలసి వచ్చింది. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థకు నష్టం 190 కోట్ల పౌండ్లని, 5,000కు పైగా సంస్థలు ప్రభావితమయ్యాయని అక్కడి సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా వేసింది. ఆ 5,000లో మీ నలుగురి లాంటి సరఫరాదారులు, కార్లు అమ్మే వ్యాపారులు కూడా ఉన్నారు.

నివేదికలో మొత్తం మార్కుల గడి తీసేయి. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు కంపెనీల జవాబులు పక్కపక్కన పెట్టి, ప్రతి జవాబు కింద అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయి: వాళ్లు చెప్పింది, కాగితం మీద చూసింది, నీ కళ్ల ముందు చేసి చూపించింది. ఈ మూడూ ఒకే రంగులో ఉండకూడదు. ఆగితే ఎన్నాళ్లు అన్న అంచనా, దానికి ఆధారం, మీ గోదాములో ఆ భాగాల నిల్వ ఎన్నాళ్లకు సరిపోతుందన్నది ఒకే వరుసలో పెట్టు. ఐదు రోజుల నిల్వ ఉన్న భాగానికి ఇరవై రోజులు పట్టే సరఫరాదారుడే నీ అసలు ప్రమాదం, అతనికి ఎన్ని మార్కులు వచ్చినా సరే.

వెళ్లడానికి అనుమతి అడుగుతూ రేపే రాయి. నలుగురి దగ్గరికీ షిఫ్టు మారే వేళకు వెళ్లు, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఇద్దరూ దొరుకుతారు. సేఫ్టీ బూట్లు, హెల్మెట్ నీవే తీసుకెళ్లు. ముందుగా ఫౌండ్రీకి వెళ్లు తల్లీ. వాళ్ల జవాబుల్లో 22 చోట్ల "తెలియదు, కనుక్కుని చెబుతాం" అని ఉంది, మార్కులు పోయింది అక్కడే. ప్రశ్నపత్రం పట్టుకుని ప్యానెల్ ప్యానెల్‌కూ తిరిగినవాళ్లే అలా రాస్తారు. అది ఎవరు రాశారో కనుక్కుని ఆయన పక్కన కూర్చుని రెండు గంటలు విను. ఏం చెప్పారో ఆ రాత్రే నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య