ఇమ్యూనిటీ పెంచుకుంటే కీళ్లవాతం తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 41. మూడేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు వారానికోసారి మెథోట్రెక్సేట్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాను. నొప్పులు బాగా తగ్గాయి. కానీ ఈ మందు ఇమ్యూనిటీని దెబ్బతీస్తుందని, ఆపేసి ఇమ్యూనిటీ పెంచే మాత్రలు వేసుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇన్‌ఫ్లమేషన్‌ను (ఒంట్లో వాపు, మంటను) అదుపు చేసే కణాలను కనిపెట్టినవారికి నోబెల్ ఇచ్చారని చదివాను. ఆ చికిత్స వచ్చేదాకా మందు ఆపవచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అంతట మీరు మందు ఆపకండి. నొప్పి తగ్గింది ఆ మందు వల్లే. ఇక మీ ఇమ్యూనిటీ సంగతి. అది చాలక మీకీ జబ్బు రాలేదు. సూక్ష్మజీవుల మీద చూపాల్సిన ప్రతాపం మీ కీళ్ల మీద చూపుతోంది. అలాంటప్పుడు దానికి ఇంకా బలం పెంచి ఏం లాభం?

వేలు తెగితే ఎర్రబడుతుంది, వాస్తుంది, నాలుగు రోజుల్లో సద్దుమణుగుతుంది. ఆ సద్దుమణగడం దానంతట అదే జరగదు, శరీరం పూనుకుని చేయాలి. ఆ పనిలో ముఖ్యమైనవి మీరు చదివిన కణాలు, అంటే రెగ్యులేటరీ టి కణాలు. టి కణాలంటే రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు, వాటిలో మిగతావాటిని అదుపు చేసేవి ఇవి. వీటినే టి-రెగ్స్ అంటారు. మిగతా టి కణాలు పెరగడానికి కావాల్సిన ఇంటర్‌ల్యూకిన్-2ను ఇవి లాగేసుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-10 లాంటి శాంతింపజేసే రసాయనాలు వదులుతాయి.

పుట్టిన మూడో రోజున థైమస్ గ్రంథి (టి కణాలు తయారయ్యే చోటు) తీసేసిన ఎలుకల్లో రోగనిరోధక కణాలు సొంత అవయవాల మీదే దాడికి దిగేవి. వేరే ఎలుకల టి కణాలు ఎక్కిస్తే ఆ దాడి ఆగేది. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి ఈ దారి పట్టుకునే 1995లో ఈ అదుపు చేసే కణాలను గుర్తించారు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వీటికి కీలకమైన ఫాక్స్‌పి3 జన్యువును కనిపెట్టారు. ఆ జన్యువులో లోపంతో పుట్టే మగపిల్లలకు పసితనంలోనే తీవ్రమైన విరేచనాలు, మధుమేహం, చర్మవ్యాధి వస్తాయి. ఆ ముగ్గురికీ కలిపి 2025 వైద్య నోబెల్ ఇచ్చారు.

మీ జబ్బు అంత సూటిగా ఉండదు. వాచిన కీలులో టి-రెగ్స్ తక్కువేమీ ఉండవు, తరచూ రక్తంలోకన్నా ఎక్కువే కనిపిస్తాయి. కానీ చుట్టూ టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపును రెచ్చగొట్టే రసాయనాలు ఉధృతంగా ఉన్నప్పుడు వాటి మాట వినే కణం ఉండదు. కాబట్టి వాటి సంఖ్య పెంచినంత మాత్రాన సరిపోకపోవచ్చు. టి-రెగ్స్‌ను బయట పెంచి తిరిగి ఎక్కించడం, ఇంటర్‌ల్యూకిన్-2ను తక్కువ మోతాదులో ఇవ్వడం వంటివి ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. వాటి కోసం ఎదురుచూస్తూ మందు మానేస్తే ఈలోగా కీళ్లలో ఎముక అరిగిపోతుంది. ఆ అరుగుదల మళ్లీ పూడదు.

మెథోట్రెక్సేట్ మీకిస్తున్న మోతాదులో ఇమ్యూనిటీని మొత్తంగా పడగొట్టదు. ఇన్‌ఫెక్షన్ల ముప్పు కొంత పెరిగే మాట నిజమే. అందుకే జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా మీ డాక్టర్‌కు చెప్పండి, అవసరమైతే ఆయనే కొన్నాళ్లు ఆపమంటారు. నోటిపూత, పొడిదగ్గు, ఆయాసం కనిపించినా అంతే. రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు తప్పవు. మద్యం వద్దు. పొగ అలవాటుంటే మానేయాలి, అది ఈ జబ్బును ముదరబెడుతుంది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఈ మందు వాడకూడదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది: వారానికోసారి వేసుకోవాల్సిన మాత్రను పొరపాటున రోజూ వేసుకోవడం. అది ప్రాణాల మీదకు వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

చాలాకాలం నొప్పి, వాపు లేకుండా, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా అదుపులో ఉంటే మోతాదును కొద్దికొద్దిగా తగ్గించడం గురించి రుమటాలజిస్టును అడగవచ్చు. ఆయన్ను కలిసేటప్పుడు ఆ ఇమ్యూనిటీ మాత్రల డబ్బా కూడా తీసుకెళ్లండి. పేరు చెప్పని స్టెరాయిడ్ కలిపిన మాత్రలు కూడా ఇలాంటి పేర్లతో అమ్ముతుంటారు. వాటితో రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, అసలు జబ్బు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. ఇప్పటికే కొన్ని వారాలుగా వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి, ఎందుకంటే స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపడం కూడా ప్రమాదమే.