ఇంటర్వ్యూలో ఒక ఇంగ్లిష్ మాట తప్పు చెప్పిందని అమ్మాయిని స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్చాలా, పీజీ చదివించాలా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఈ మధ్య కాలేజీకి వచ్చిన ఒక కంపెనీ ఇంటర్వ్యూలో, చదువులో నీకు ఎదురైన ఇబ్బంది ఏమిటని అడిగితే ‘మై లెక్చరర్ ఈజ్ బయాస్’ అందంట. ఇంటర్వ్యూ చేసినాయన నవ్వి ‘బయాస్ కాదమ్మా, బయాస్డ్’ అన్నాడంట. ఉద్యోగం రాలేదు. అప్పటి నుంచి ఇంగ్లిష్ అంటేనే భయపడుతోంది, నాకూ తల కొట్టేసినట్టుంది. తిరుపతిలో 3 నెలల స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు 40 వేలు అంటున్నారు. ఈ నెలాఖరులోగా కడితే 5 వేలు తగ్గిస్తారంట. అందులో చేర్చాలా, పీజీ చదివించాలా? వాళ్ల తమ్ముణ్ని ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో వేశాం, వాడికి ఈ బాధ లేదు.

జవాబు: అయ్యా, కోర్సా, పీజీనా అని అడిగారు గానీ మీ టెన్షన్ వేరే. తెలుగు మీడియంలో చదివించి బిడ్డకు అన్యాయం చేశానా అన్నదే మీ భయం. ఈ ప్రశ్న నాకు చాలా ఇళ్ల నుంచి వస్తూనే ఉంటుంది. కోర్సు పేరు మారుతుంది, ఫీజు మారుతుంది, భయం మాత్రం అదే. చివర ఒక ‘డ్’ పలకలేదని ఎవరూ అమ్మాయిని పక్కన పెట్టరు. ఆ సంగతి ముందు మీరు నమ్మండి.

పాప పొరపాటు ఎంతో చూద్దాం. బయాస్ అంటే పక్షపాతం. అది ఒక గుణం పేరు. మనిషి గురించి చెప్పేటప్పుడు ‘షీ ఈజ్ బయాస్డ్’ అనాలి, లేదా ‘షీ హ్యాజ్ ఎ బయాస్’ అనాలి. తెలుగులో ‘ఆమె పక్షపాతం’ అనం కదా, పక్షపాతి అంటాం. ప్రిజుడిస్, ప్రిజుడిస్డ్ కూడా ఇంతే. నా మీద కక్ష అని చెప్పాలంటే ‘బయాస్డ్ అగైనెస్ట్ మీ’. మన ‘నా మీద’ను పట్టుకుని ‘ఆన్ మీ’ అంటారు చాలామంది, అది కుదరదు. ఒకరి వైపు మొగ్గితే ‘టువర్డ్స్’, లేదా ‘ఇన్ ఫేవర్ ఆఫ్’. ఇంకొకటి. మన కాలేజీల్లో ‘మేడమ్ పార్షియాలిటీ చూపిస్తోంది’ అనడం మామూలే. ఆ అలవాటుతో ‘షీ ఈజ్ పార్షియల్ టు మీ’ అంటే అర్థం తిరగబడుతుంది, ఆమెకు నేనంటే ఇష్టమని. ‘అయామ్ పార్షియల్ టు బంగినపల్లి మ్యాంగోస్’ అంటే మాత్రం చక్కగా సరిపోతుంది.

ఈ తప్పు ఎందుకు వస్తుందంటే, ‘బయాస్డ్’ చివర రాతలో ‘ed’ ఉన్నా నోట్లో వినిపించేది ‘ట్’ లాంటి చిన్న శబ్దం. వెంటనే ‘టువర్డ్స్’ వస్తే ఆ రెండూ కలిసిపోయి ఏమీ వినబడదు. విన్నట్టే పలికితే ‘బయాస్’ అవుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే ‘హీ ఈజ్ బయాస్’ అని రాస్తుంటారు. తెలుగు మీడియం జబ్బు కాదిది.

అసలు మీ పాపకు ఈ మాట కొత్తదా? ఎలక్ట్రానిక్స్ చదివే పిల్ల. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్‌కు పీ వైపు బ్యాటరీ పాజిటివ్, ఎన్ వైపు నెగటివ్ కలిపితే అది ‘ఫార్వర్డ్ బయాస్డ్’ అని డిగ్రీలో చదువుతూనే ఉంది. అలా కలపడాన్ని ‘ఫార్వర్డ్ బయాస్’ అంటారు, కలిపాక డయోడ్ ఏ స్థితిలో ఉందో చెప్పేటప్పుడు ‘బయాస్డ్’ అంటారు. ల్యాబ్ రికార్డులో సరిగ్గా రాసే మాటే ఇంటర్వ్యూలో కంగారులో జారింది. రికార్డు తీసి చూసుకోమనండి.

నన్నడిగితే ఆ జవాబులో బలహీనత వ్యాకరణంలో లేదు. ఇంటర్వ్యూలో పాఠం చెప్పిన మనిషి మీద ముద్ర వేస్తే, అది ఎంత చక్కటి ఇంగ్లిష్‌లో వేసినా, వినేవాడు రేపు మా సూపర్‌వైజర్ గురించీ ఇలాగే అంటుందేమో అనుకుంటాడు. అందుకు బదులు జరిగింది చెప్పాలి. ‘మై ఇంటర్నల్ మార్క్స్ వర్ లో. ఐ ఆస్క్‌డ్ టు సీ మై పేపర్.’ రెండు చిన్న వాక్యాలు. తిట్టు లేదు, తను ఏం చేసిందో ఉంది. నిజంగా పేపర్ అడిగి ఉంటేనే సుమా, లేనిది కల్పించి చెప్పొద్దు.

ఇక మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. కొడుకును ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో వేశామని, వాడికి ఈ బాధ లేదని రాశారు. అది రాసేటప్పుడు మీకేమీ అనిపించలేదా? కూతురికి ఒక బడి, కొడుక్కి ఒక బడి అని నిర్ణయించింది పాప కాదు. ఇప్పుడు తల కొట్టేసినట్టుందని మీరంటే, ఆ మాట హాస్టల్లో ఉన్న పిల్ల దాకా వెళ్లకుండా ఉంటుందా? తమ్ముడితో పోల్చడం ఈ రోజే ఆపండి. పల్లె నుంచి వచ్చి, తెలుగు మీడియం దాటి, డిగ్రీ ఆఖరి సంవత్సరానికి వచ్చిన పిల్ల ఆమె. వాడు ఇంకా ఆ మెట్టు ఎక్కాల్సే ఉంది.

కోర్సు సంగతి. ఇలాంటి చోట్ల బాగా నేర్పేవాళ్లు లేరని అనను. కానీ ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ అని బోర్డు తగిలించిన ప్రతిచోటా పిల్లల నోటికి పని ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. గది నిండా జనం, బోర్డు మీద టెన్స్‌ల పట్టిక, ‘మైసెల్ఫ్’ అని మొదలయ్యే పరిచయం ఒకటి బట్టీ. గంట క్లాసులో పిల్ల తన నోటితో మాట్లాడేది రెండు నిమిషాలైతే మిగతా టైమ్‌కు మీరు దేనికి డబ్బు కడుతున్నట్టు? చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు. పైగా భయంతో చేరిన పిల్లకు ‘నీ ఇంగ్లిష్ జీరో, ఫస్ట్ నుంచి మొదలుపెట్టాలి’ అని చెప్పడం వాళ్ల వ్యాపారానికి బాగుంటుంది, పిల్లకు కాదు. చేర్చాలనే ఉంటే ముందు వారం రోజులు ఊరికే కూర్చోబెట్టమని అడగండి. రోజుకు తను ఎంతసేపు మాట్లాడిందో పాపనే చెప్పమనండి. కూర్చోనివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఈలోగా ఖర్చు లేని పని ఉంది. హాస్టల్లో ఒక స్నేహితురాలితో రోజూ పది నిమిషాలు ఇంగ్లిష్‌లో ల్యాబ్ ప్రయోగం వివరించమనండి. తనకు తెలిసిన విషయం కాబట్టి మాటలు వెతుక్కునే పని తగ్గుతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే మింగేసిన చివరి శబ్దాలు తనకే పట్టుబడతాయి. మాట ఎలా పలకాలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ నిఘంటువులు నెట్‌లో ఉచితంగానే వినిపిస్తాయి.

పీజీ విషయం పాపను అడగండి. చదువు మీద ఇష్టంతో అయితే పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయనివ్వండి, ఆ వివరాలు కాలేజీలోనే చెబుతారు. ఇంటర్వ్యూలకు భయపడి రెండేళ్లు దాక్కోవడానికైతే వద్దు, ఆ తర్వాత మళ్లీ అదే కుర్చీలో కూర్చోవాలి. శ్రీసిటీలో, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. టెస్టింగ్, క్వాలిటీ పనుల ఇంటర్వ్యూలో మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చా, సర్క్యూట్‌లో తప్పు ఎక్కడుందో చెప్పగలవా అని అడిగే అవకాశమే ఎక్కువ. ఇంకో రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి రానివ్వండి, ఆ తర్వాత పీజీ మాట.

నెలాఖరులోగా కడితే 5 వేలు తగ్గింపు అన్నారు కదా. కంగారు పడొద్దు, ఆ తగ్గింపు వచ్చే నెలా ఉంటుంది.