సన్నగానే ఉన్నాను, నాకు ఫ్యాటీ లివర్ ఎలా వచ్చింది?

ప్రశ్న: నా వయసు 37 ఏళ్లు. వరంగల్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. చదువుకునే రోజుల్లో 52 కిలోలు ఉండేవాడిని. నలుగురిలో నన్ను ఇప్పటికీ ‘బక్కోడు’ అనే పిలుస్తారు. ఆఫీసులో అందరికీ చేయించిన పరీక్షల్లో నాకు హెచ్‌బీఏ1సీ 6.2, ట్రైగ్లిజరైడ్స్ 228, హెచ్‌డీఎల్ 34 వచ్చాయి. స్కానింగ్‌లో గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ అన్నారు. మద్యం అలవాటు లేదు. నాన్నగారికి షుగర్ ఉంది. రిపోర్టు తారుమారైందేమోనని ఇంట్లోవాళ్ల అనుమానం. ఒళ్లు రావడానికి పౌడరు వాడమని మిత్రులు చెబుతున్నారు. ఏం చేయాలి?

సమాధానం: రిపోర్టు తారుమారయ్యే అవకాశం చాలా తక్కువ. మీరు రాసిన నాలుగు ఫలితాలూ ఒకే కథ చెబుతున్నాయి. రక్తంలో చక్కెర మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దానిని ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అంటాము, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. రక్తంలోని ఒక రకం కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ పురుషులలో 40కి పైన ఉండాలి. ట్రైగ్లిజరైడ్స్ పెరగడం, హెచ్‌డీఎల్ తగ్గడం, కాలేయంలో కొవ్వు చేరడం, చక్కెర హద్దు దాటడం ఒకేసారి కనిపించినప్పుడు, శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినడం లేదని అర్థం.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత, లెక్క వేస్తే 21.3 వస్తుంది. భారతీయులకు 23 దగ్గరే అధిక బరువు మొదలవుతుందని 2009లో మన దేశ నిపుణులు నిర్ణయించిన కఠినమైన కొలత ప్రకారం చూసినా ఇది సాధారణమే. అయితే ఈ లెక్కకు ఎత్తు, బరువు తప్ప ఇంకేమీ తెలియదు. ఆ 60 కిలోలలో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు తొడల మీద ఉందా, పేగుల చుట్టూ ఉందా అన్నది త్రాసు చెప్పలేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన అంకె హెచ్‌బీఏ1సీ కాదు, 52 కిలోలు. వ్యాయామం చేసి కండ పెంచుకున్నట్లు మీరు రాయలేదు కనుక, కాలేజీ వదిలాక పెరిగిన ఆ 8 కిలోలలో అధిక భాగం కొవ్వే అయి ఉంటుంది. చేతులు, కాళ్లు మునుపటిలాగే పుల్లల్లా ఉండి, చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర మాత్రమే బిగుతుగా మారాయా? అలాగైతే నా అనుమానం నిజమే.

తిన్నదానిలో మిగులును శరీరం మొదట చర్మం కింద కొవ్వుగా దాచుకుంటుంది. అది పెద్దగా హాని చేయని చోటు. ఆ గాదె ఎంత పెద్దదన్నది మనిషి మనిషికీ మారుతుంది. కొందరికి 90 కిలోల బరువు వచ్చినా గాదెలో ఇంకా చోటు ఉంటుంది, మరికొందరికి 60 కిలోలకే నిండిపోతుంది. నిండిన తరువాత, మిగిలిన వడ్లను వసారాలో, వంటగదిలో కుప్ప పోసుకున్నట్లు, కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి, పేగుల చుట్టూ, కండరాల లోపలికి చేరుతుంది. కొవ్వు చేరిన కాలేయం ఇన్సులిన్ వద్దంటున్నా రాత్రంతా రక్తంలోకి చక్కెర వదులుతూ ఉంటుంది, ట్రైగ్లిజరైడ్స్‌ను అవసరానికి మించి తయారుచేస్తుంది. మరోవైపు, అన్నం తిన్న తరువాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను తీసుకోవలసినది కండరం. కండ తక్కువగా ఉండి, ఉన్న కండ కూడా రోజంతా కుర్చీలోనే ఉంటే ఆ చక్కెర ఎక్కడికి పోవాలి?

ఇది మన దేశంలో వింత కాదు. 2004లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఒక చిన్న వ్యాసం, ఒక ఫొటో వచ్చాయి. అందులో పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తుతారని, యాజ్ఞిక్ పరుగు ఉదయం ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోపు అందుకోవడానికేనని అందులోనే చమత్కరించారు. యాజ్ఞిక్ బృందం పుణే సమీప గ్రామాలలో పుట్టిన శిశువులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. బరువు, కండ, పొట్టలోని అవయవాలు అన్నీ మన పిల్లలకు తక్కువే, వీపు మీది చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే సన్నగా ఉంటూనే కొవ్వు కలిగి ఉండే ఈ తీరుకు కొంత పునాది తల్లి కడుపులోనే పడుతోంది. మీ నాన్నగారి షుగర్‌ను దీనికి కలిపి చూడండి. తప్పంతా మీ అలవాట్లదే అని నేను అనను.

మా దగ్గరకు పరీక్షల కోసం కుటుంబాలు వచ్చినప్పుడు, లావుగా ఉన్నవారిని ముందుకు తోసి, సన్నగా ఉన్నవారు బయట బల్ల మీద కూర్చోవడం తరచుగా చూస్తుంటాను. ఆ బల్ల మీదివారిని కూడా పిలవాలనిపిస్తుంది.

ఇక మీరు చేయవలసినవి. ముందు ఒక టేపుతో నడుము కొలవండి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, ఎందుకంటే దానిని పొట్ట కిందికి జార్చి కట్టుకుంటాము. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు మధ్యన టేపు చుట్టి, మామూలుగా శ్వాస వదిలాక చూడాలి. మన పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. నడుము ఎత్తులో సగానికి మించకూడదన్న మరో లెక్క ప్రకారం మీకు 84 దాటకపోవడం మేలు. తరువాత పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు మరోసారి చక్కెర పరీక్ష చేయించండి. హీమోగ్లోబిన్ కూడా చూడాలి, ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, హెపటైటిస్ బి, సి, థైరాయిడ్, రక్తపోటు పరీక్షలు ఒక్కసారే పూర్తవుతాయి.

పౌడరు మాత్రం వద్దు. ఒళ్లు వచ్చేందుకని అమ్మే అలాంటి వాటిలో చాలావరకు పిండిపదార్థం, చక్కెరే ఎక్కువ, నిండిన గాదెలో మళ్లీ పోసినట్లే అవుతుంది. అలాగని కడుపు మాడ్చుకోవడమూ తప్పే, దానివల్ల ఉన్న కాస్త కండ కూడా కరిగిపోతుంది. మీరు పట్టించుకోవలసినది నడుము కొలత. బరువు 60 దగ్గరే ఆగి నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గితే నేను దానిని విజయంగానే లెక్కిస్తాను.

రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాలు వేసుకునేవారైతే అక్కడే సుమారు 40 గ్రాముల చక్కెర అవుతుంది, మొదట దానిని ఆపండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మీ బరువుకు రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రోటీన్ అవసరం. పప్పు రోజూ తింటున్నామని అందరూ అంటారు, కానీ పలచటి పప్పుచారులో పప్పు ఎంత ఉంటుందో వండినవారికే తెలుసు. కంచంలో అన్నం మూడింట ఒక వంతు తగ్గించి, ఆ చోట గట్టి పప్పు, ఉడికించిన శనగలు, గుడ్లు, చేప, పెరుగు, కూరలు రావాలి. నడక మంచిదే, కానీ మీకు అది ఒక్కటే చాలదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడుస్తూ, రెండు మూడు రోజులు దండీలు, బస్కీలు, బరువులెత్తడం వంటి కండకు పని చెప్పే వ్యాయామం చేయండి. మొదట్లో గోడకు చేతులు ఆనించి దండీలు తీసినా సరిపోతుంది. పొగతాగే అలవాటుంటే మానేయండి.

ఒక జాగ్రత్త. మీరు ప్రయత్నించకుండానే ఆరు నెలలలో మూడు కిలోలకు మించి బరువు తగ్గినా, దాహం, మూత్రం ఎక్కువైనా వెంటనే డాక్టరును కలవండి. అప్పుడు వేరే రకం మధుమేహం, థైరాయిడ్, క్షయ వంటివాటి కోసం వెతకవలసి ఉంటుంది. అలాంటివేమీ లేకపోతే, హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటును చూపుతుంది కనుక, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయించి, ఆ రోజు నడుము కొలతను కూడా పక్కన రాసుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. తోబుట్టువులు ఉంటే, ఎంత సన్నగా ఉన్నా సరే, ఈ పరీక్షలు వారికీ చేయించండి.