మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమెరికాలో నువ్వు చేరిన విశ్వవిద్యాలయంలో మహిళల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు మొదలయ్యాయని, స్నేహితులతో కలిసి రెండు చూశావని, పదిమంది అటూ ఇటూ పరుగెత్తడం తప్ప ఏమీ బోధపడలేదని రాశావు. నేను ఆటగాణ్ణి కాను, కోచ్‌నీ కాను. ఏళ్ల తరబడి ఈ ఆటను ప్రేమించి చూస్తున్న అభిమానిగా నాకు తెలిసింది చెబుతాను.

మొదట నీ చూపును బంతి మీద నుంచి తప్పించు. మన ఊళ్లో కబడ్డీ చూసేటప్పుడు పెద్దవాళ్లు కూతకు వచ్చినవాణ్ణి వదిలేసి, మూలల్లో చేతులు పట్టుకుని నిలబడ్డవాళ్ల కాళ్లను చూసేవారు, గుర్తుందా? ఇక్కడా అంతే. అయిదుగురు ఆటగాళ్లు కోర్టులో ప్రతి చోటునూ కాపాడలేరు కనుక, ప్రతి కోచ్ మ్యాచ్‌కు ముందే ప్రత్యర్థికి దేన్ని వదిలేయాలో నిర్ణయించుకుంటారు. ఎవరిని దూరం నుంచి షాట్ వేయనివ్వాలి, ఎవరి దగ్గరికి ఇద్దరిని పంపాలి అన్నది ఆ నిర్ణయంలోనే ఉంటుంది. తొలి అయిదు నిమిషాల్లో నువ్వు దాన్ని పట్టుకోగలిగితే, మిగిలిన ఆటంతా దానికి సమాధానం వెతకడంగా కనిపిస్తుంది.

దీనికి నాకు తెలిసిన ఉత్తమ పాఠం సౌత్ కరోలినా, అయోవా జట్ల మధ్య వరుసగా రెండేళ్లు జరిగిన పోరు. వీలు చూసుకుని ఆ రెండు మ్యాచ్‌లనూ అదే వరుసలో చూడు.

2023 మార్చి 31న డల్లాస్‌లో జరిగిన కాలేజీ జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్‌కు సౌత్ కరోలినా 36 విజయాలతో, ఒక్క ఓటమి కూడా లేకుండా వచ్చింది. రింగు దగ్గర వాళ్ల బలాన్ని ఎదుర్కోవడం ఏ జట్టుకైనా కష్టమే. అయోవా కోచ్ లీసా బ్లూడర్ ఆ బలానికి నేరుగా ఎదురు వెళ్లకుండా, తన వాళ్లను రింగు చుట్టూ గుంపుగా నిలబెట్టి, బయట నుంచి వేసే షాట్లను వదిలేశారు. ఆ మ్యాచ్‌లో ఒక దృశ్యాన్ని ఆపి చూడు. సౌత్ కరోలినా గార్డ్ (బంతిని ముందుకు నడిపించే క్రీడాకారిణి) రేవెన్ జాన్సన్ త్రీ పాయింట్ గీత (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) బయట బంతితో ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆమెను అడ్డుకోవలసిన అయోవా క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్ చాలా వెనక్కి జరిగి, దగ్గరికి వెళ్లవలసిన అవసరమే లేదన్నట్లు చెయ్యి విసురుతుంది. చాలామంది అందులో పొగరును చూశారు. నేను మాత్రం ఆ జట్టు ప్రణాళిక మొత్తాన్ని చూశాను. సౌత్ కరోలినా 20 త్రీ పాయింటర్లకు ప్రయత్నించి నాలుగే వేయగలిగింది. రీబౌండ్లలో (గురి తప్పిన షాట్ బంతిని పట్టుకోవడంలో) ఎంతో ముందున్నా 77-73 తేడాతో ఓడిపోయింది. క్లార్క్ 41 పాయింట్లు చేసింది నిజమే, కానీ ఆ ఖాళీ చోటు లేకపోతే ఆ 41 సరిపోయేవి కావని నా నమ్మకం.

సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీ దానికి ఇచ్చిన జవాబును నేను ఎంతో గౌరవిస్తాను. ఆ ఏడాది ఆట మొదలుపెట్టే అయిదుగురూ జట్టును విడిచి వెళ్లిపోయారు. కొత్త జట్టులోకి ఓరెగాన్ నుంచి టె-హీనా పావోపావో వచ్చింది. 2023-24 సీజన్‌లో త్రీ పాయింటర్ల శాతంలో దేశంలోనే మొదటి స్థానం ఆమెది. అంటే బయటి షాట్లను వదిలేసే ప్రణాళిక ఈ జట్టు మీద ఇక పనిచేయదు.

2024 ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్‌లో జరిగిన ఫైనల్‌లో అయోవా 10-0తో మొదలుపెట్టింది. క్లార్క్ తొలి క్వార్టర్‌లోనే 18 పాయింట్లు చేసింది. అప్పుడు సౌత్ కరోలినా బెంచ్ వైపు చూడు. అక్కడ కంగారు కనిపించదు. జాన్సన్‌తో పాటు ఇతర గార్డులు వంతులవారీగా క్లార్క్‌ను కోర్టు పొడవునా వెంటాడారు. వెనుక ఆరడుగుల ఏడంగుళాల కమిలా కార్డోసో ఉందన్న ధైర్యంతోనే వాళ్లు అంత దగ్గరగా వెళ్లగలిగారని నేను అనుకుంటాను. తర్వాతి మూడు క్వార్టర్లూ కలిపి క్లార్క్‌కు దక్కినవి 12 పాయింట్లే. మధ్య గీత దగ్గర జాన్సన్ ఆమె చేతిలోని బంతిని లాక్కుని వెళ్లి వేసిన బుట్టను మాత్రం తప్పకుండా చూడు, ఏడాది క్రితం చెయ్యి విసిరినది ఎవరి మీదో గుర్తు పెట్టుకుని చూడు. చివరికి స్కోరు 87-75. సౌత్ కరోలినా ఆ సీజన్‌ను 38 విజయాలతో, ఓటమి లేకుండా ముగించింది.

చాలామంది కార్డోసో చేసిన 15 పాయింట్లనూ, పట్టిన 17 రీబౌండ్లనూ చెప్పుకుంటారు. అవి తక్కువవి కావు. అయితే బెంచ్ నుంచి వచ్చినవాళ్ల పాయింట్లు సౌత్ కరోలినా పక్క 37, అయోవా పక్క సున్నా అన్నది నా దృష్టిలో అంతకన్నా పెద్ద సంగతి. అందులో 19 పాయింట్లు మొదటి ఏడాది విద్యార్థిని టెస్సా జాన్సన్‌వి. అలసిన కాళ్లతో షాట్ వేస్తే బంతి రింగు ముందు అంచుకు తగిలి పడుతుంది. కనుక ఎవరు ఎప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నారో చూడడం కూడా వ్యూహాన్ని చూడడమే.

మీ విశ్వవిద్యాలయంలో టికెట్ తీసుకునేటప్పుడు కోర్టు పక్కన ఖరీదైన సీటు కోసం తాపత్రయపడకు. రింగు వెనుక, కాస్త ఎత్తులో కూర్చుంటే స్క్రీన్ పెట్టినప్పుడు (తోటి ఆటగత్తెను వెంటాడే డిఫెండర్‌కు అడ్డుగా నిలబడినప్పుడు) ఇద్దరు డిఫెండర్లు చోట్లు మార్చుకుంటున్నారా, లేక ఒకరు వెనక్కి జారుతున్నారా అన్నది స్పష్టంగా తెలుస్తుంది.

ఇక ఫౌల్స్ సంగతి. మహిళల ఆటలో పది నిమిషాల క్వార్టర్లు నాలుగు ఉంటాయి. ఒక క్వార్టర్‌లో జట్టు చేసే అయిదో ఫౌల్ నుంచి ప్రత్యర్థికి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వస్తాయి. క్వార్టర్ మారగానే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఒక్కరే అయిదు ఫౌల్స్ చేస్తే ఆట నుంచి తప్పుకోవాలి. నేను చెప్పిన 2023 సెమీఫైనల్‌లో సౌత్ కరోలినా ప్రధాన క్రీడాకారిణి అలియా బోస్టన్ తొలి క్వార్టర్‌లోనే రెండు ఫౌల్స్ చేయడంతో, కోచ్ ఆమెను సగం ఆట వరకు బెంచ్ మీదే ఉంచవలసి వచ్చింది. కనుక ఎవరికైనా రెండో ఫౌల్ పడగానే చేతి గడియారం చూసుకో, ఆమె స్థానంలో ఎవరు వచ్చారో చూడు, ఆ కొత్త అమ్మాయి కాపాడే వైపుకే ప్రత్యర్థి గార్డ్ తర్వాతి రెండు మూడు సార్లు బంతిని తీసుకువెళ్తోందేమో గమనించు.

ఇట్లు,
మీ మామయ్య